నొగ మీది బరువు

హేమ్లి వచ్చేదాకా బండి కదలదు. కొత్తవాళ్లు చూస్తే ఆహా, పెద్దమనిషికి ఎంత మర్యాద అనుకుంటారు. మర్యాదా లేదు, మన్నూ లేదు. ఆమె కూర్చుంటే తప్ప వెనక కట్టిన మిల్లరు తిన్నగా రాదు. అంతే సంగతి.

మిల్లరంటే స్లాబులకు సిమెంటూ కంకరా కలిపే మిషను. రెండు చక్రాల మీద ఉంటుంది. ముందున్న పొడుగాటి ఇనుప కమ్మీని పికప్ వ్యాను వెనక కొక్కేనికి తగిలించి పిన్ను వేస్తే ఊరూరూ తిరుగుతుంది. ఎడ్లబండి అలవాటు పోని తండావాళ్లు ఆ కమ్మీని నొగ అనే అంటారు. మేస్త్రి పూల్‌సింగు కిందటి ఏడు మిల్లరు వెనక లిఫ్టు బిగించాడు. కలిపిన మాలు తొట్టిలో పడితే అదే పైకి పోయి స్లాబు మీద గుమ్మరిస్తుంది. మంచిదే. కానీ లిఫ్టు బరువంతా వెనక్కి పడి ముందు నొగ తేలికైపోయింది. ఎడ్లబండికి వెనక బరువైతే ఏమవుతుందో తండాలో పసిపిల్లను అడిగినా చెబుతుంది. కాడి పైకి లేచి ఎడ్ల మెడకు ఉరి పడుతుంది. వ్యానుకు మెడ లేదు కనుక ఉరి లేదు. దానికి బదులు మిల్లరు తోక ఊగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఊగుతుంది. పక్కనుంచి బొగ్గు టిప్పరు పోయిందంటే ఆ గాలికి ఇంకా ఊగుతుంది.

ఆ ఊపుడుకు పూల్‌సింగు కనిపెట్టిన మందు హేమ్లి. నొగ మీద అడ్డంగా ఒక చెక్క కట్టించాడు. హేమ్లి భారీ మనిషి. ఆమె ఆ చెక్క మీద కూర్చుంటే నొగ దిగుతుంది, మిల్లరు బుద్ధిగా వస్తుంది.

జగదీష్ ఆ పొద్దున్నే పనిలో చేరిన కొత్త డ్రైవరు. మణుగూరులో బొగ్గు టిప్పర్లు నడిపి వచ్చాడు. వ్యాను చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, వెనక్కొచ్చి ఆగిపోయాడు. హేమ్లి చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య దోపుకుని చెక్క మీద బొంత పరుచుకుంటోంది. పాతచీరల పేలికలు కలిపి, అంచున అద్దాలు పొదిగి తనే కుట్టుకున్న చిన్న బొంత అది.

"ఏందన్నా, పెద్దమ్మ గాడ కూసుంటదా? ఇసుక బస్తలు ఏయరాదు?" అన్నాడు జగదీష్.

పూల్‌సింగు పళ్లు తోముకున్న పుల్లను అవతల పారేశాడు. "బస్తను ఎవడెక్కిస్తడు, ఎవడు దించుతడు? సందుల్ల మిల్లరును చేతుల్తోనే తిప్పుకోవాలె, నొగ లేవాలె. మా వదినె అయితె తనే ఎక్కుతది, తనే దిగుతది. దిగినంక పని గూడ చేస్తది. బస్త చేస్తదా?"

వ్యానులో ఉన్న కూలి ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. హేమ్లి కూడా నవ్వింది. అందరూ నవ్వేచోట తనూ నవ్వితే సగం నొప్పి తెలియదు. అది ఆమెకు పట్టుబడిన విద్య.

జగదీష్ నవ్వలేదు. వంగి కొక్కెం చూశాడు. "పిన్ను ఏది? సలాక ముక్క ఒంచి పెట్టి తీగ చుట్టిన్రు. చైను లేదు, ఎనక లైటు లేదు. గీ సలాక ఎగిరిందనుకో, పెద్దమ్మ గతేంది?"

"ఎగరది. ఎగిరినప్పుడు జూద్దం. టిప్పరు నడిపినోనివి, గిది నీకు ఆట. నడువు."

బండి కదిలింది. హేమ్లి రెండు చేతులా చెక్కను పట్టుకుంది. కాళ్లు పెట్టుకోవడానికి నొగకు చెరో పక్కన ఒక రాడ్డు వెల్డింగు చేసి ఉంది. దాని కిందే రోడ్డు. తారు పరుగెత్తుతుంటుంది, గులకరాళ్లు ఎగిరి పిక్కలకు కొడతాయి. తల ఎత్తితే వ్యాను వెనక తలుపు, దాని మీదుగా తోటివాళ్ల మొహాలు. వీపు వెనక పెద్ద ఇనుప డ్రమ్ము. సలాక జారితే తను కింద, మిల్లరు మీద. ఈ సంగతి ఆమెకు రోజూ ఒకసారి గుర్తొస్తుంది. రోజూ ఒకసారి సేవాలాల్ మహరాజ్‌కు మొక్కుకుంటుంది.

"ఏమక్కా, గాలి మంచిగొస్తుందా?" అని కవిత వ్యానులోంచి అరిచింది. కవిత నోరు కత్తెర. కానీ మధ్యాహ్నం తన ఊరగాయ ముందు హేమ్లికే పెడుతుంది.

"నువ్వొచ్చి కూసో, చెప్త," అంది హేమ్లి.

"అమ్మో, నేనెక్కితె నొగ నన్నే ఎగరేస్తది. నీ అంత పుణ్యం మేం జేసుకోలె."

మళ్లీ నవ్వులు. ఎదురుగా టిప్పరు హారను కొట్టుకుంటూ దూసుకుపోయింది. బొగ్గు పొడి కళ్లలో పడింది. మిల్లరు ఒకసారి అటు, ఒకసారి ఇటు ఒళ్లు విరుచుకుంది. నొగ తన తొడల కింద వణకడం హేమ్లికి తెలిసింది. జగదీష్ బ్రేకు వేయలేదు. కాలు ఎత్తేసి వేగం తగ్గనిచ్చాడు. ఊపు దానంతటదే సద్దుమణిగింది. ఈ పిలగానికి పని వచ్చు అనుకుంది హేమ్లి.

మణుగూరు దగ్గరి ఒక ఊళ్లో ఆనాటి స్లాబు సాయంత్రానికి అయింది. సందులో మిల్లరును తోయడానికి అందరూ చేతులు వేశారు. తర్వాత హేమ్లి డ్రమ్ము దగ్గర నిలబడింది. కంకర తట్టలు అందుకుని వెయ్యడం, నీళ్లు పొయ్యడం ఆమె పని. మోకాలు నొప్పి ఉంది గనుక తట్ట ఎత్తుకుని నడవలేదు. నిలబడ్డచోటే నిలబడి చేస్తుంది. లిఫ్టు వచ్చాక నిచ్చెన మీద వరసగా నిలబడి తట్టలు అందించే ఆడవాళ్లు అక్కర్లేకపోయారు. పూల్‌సింగు సగంమందిని వద్దన్నాడు. కాళ్లు గట్టిగా ఉన్నవాళ్లు, పడుచువాళ్లు కూడా పోయారు. హేమ్లి ఉంది. ఎంతైనా సొంత వదినెను కదా, మరిది కడుపులో ఆ మాత్రం తడి ఉంది అని ఆమె నమ్మకం. తండాలో ఎవరైనా పూల్‌సింగును తిడితే అడ్డం పడి మరీ చెబుతుంది. "వాడు నోరు చెడ్డోడు గని మనసు చెడ్డోడు గాదు."

ఒకే ఒక్క కోరిక ఉంది ఆమెకు. వ్యానులో కూర్చోవాలి. కవిత పక్కన, చాప మీద, కాళ్లు చాపుకుని. పని ఎంతైనా చేస్తుంది, ఎండలో ఎంతసేపైనా నిలబడుతుంది. ఆ నొగ దిగితే చాలు. ఇంటికి బయల్దేరేముందు అడిగింది కూడా.

"పూల్‌సింగూ, మోకాలు గుంజుతుందిరా. ఒక్కపాలి నన్ను వ్యానుల కూసోబెట్టు."

"నువ్వు దిగితె తోక ఊగుతది వదినె."

"లిఫ్టు బిగిచ్చినప్పుడే ఇరుసు జెర ఎనకకు జరిపిస్తే అయిపోవు గదా. వెల్డింగు షుకూర్ భాయి గప్పుడే చెప్పిండంట."

"సీజన్ల మిల్లరును షాపుల పండవెడ్తరా ఎవరన్న? వానలు వడనీ, జూద్దం."

వానలు పోయిన ఏడు కూడా పడ్డాయి.

మర్నాడు దుమ్ముగూడెం పక్క స్లాబు. భద్రాచలం వంతెన దాటి పోవాలి, దూరం. పొద్దున లేచేసరికి హేమ్లి మోకాలు గుమ్మడికాయలా ఉబ్బింది. కుంటుకుంటూ బండి దగ్గరికి వచ్చింది గానీ నొగ మీదికి కాలు ఎత్తలేకపోయింది. రెండుసార్లు ప్రయత్నించి, రాడ్డు పట్టుకుని ఆగిపోయింది.

పూల్‌సింగు విసుక్కున్నాడు. "మంచిగ యాళకు వెట్టినవ్ వదినె. సరే, ఇయ్యాల్టికి వ్యానెక్కు. పూలీ, నువ్వు రా ఇటు."

పూలి ఎండాకాలం మొదట్లో తండాకు కోడలిగా వచ్చిన పిల్ల. పుల్లలా ఉంటుంది. "నేను సన్నగున్న గద మామా, నా బరువు ఏం సరిపోతది?" అంది.

"కొసకు కూసో. చెక్క మీద గాదు, ముందుకు, కొక్కెం దగ్గర. కొసన కూసుంటె సన్నోళ్లయినా సరిపోతరు."

ఆ లెక్క నిజమే. కానీ కొసన కాలు పెట్టుకోవడానికి రాడ్డు లేదు, పట్టుకోవడానికి చెక్క లేదు. పూలి నొగకు చెరో పక్క కాలు వేసి, వ్యాను తలుపు గొలుసు పట్టుకుని కూర్చుంది. హేమ్లి తన బొంత ఇచ్చింది. "ఇది ఏసుకో బిడ్డా, ఇనుము కాల్తది."

ఏడాదిగా కోరుకున్న చోటు దొరికింది. కవిత పక్కన, చాప మీద, కాళ్లు చాపుకుని. కవిత మోకాలి కింద ఖాళీ సంచి మడిచి పెట్టింది. హాయిగా ఉండాల్సింది. కానీ వెనక్కి చూస్తే పూలి కనబడుతోంది. ఎగిరే రాళ్లకు మొహం ఒకవైపు తిప్పుకుని, కొంగు పళ్ల మధ్య కరుచుకుని. తనూ ఇట్లాగే కనబడేదా అందరికీ? ఇది చూస్తూ వీళ్లు ఎట్లా నవ్వారు? హేమ్లికి ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియక పక్కనున్న కవితను కసిరింది. "నవ్వవేందే ఇయ్యాల? నవ్వు!"

కవిత తల దించుకుంది.

అడవిలో రోడ్డు వాలు దిగేచోట ప్రమాదం అయింది. టిప్పరొకటి వెనకనుంచి వచ్చి, పక్కనుంచి గాలిని గుంజుకుంటూ ముందుకు పోయింది. మిల్లరు తోక పట్టు తప్పింది. అటు కొట్టింది, ఇటు కొట్టింది, ప్రతిసారీ ముందటికంటే ఎక్కువ. జగదీష్ కాలు ఎత్తేశాడు. వాడి మానాన వాడిని వదిలేస్తే ఆపుకొనేవాడేమో. పక్క సీట్లో పూల్‌సింగు ఒర్రాడు. "బ్రేకు కొట్టురా! బ్రేకు!"

కొట్టాడు. వ్యాను ఆగింది, మిల్లరు ఆగలేదు. దాని బరువంతా వచ్చి వ్యానును వెనకనుంచి తోసి, పక్కకు మడత పడింది. సలాక తీగ తెంచుకుని ఎగిరిపోయింది. నొగ జారి రోడ్డు పక్క మట్టిలో దిగబడింది. పూలి గొలుసు వదిలి కంకరలో దొర్లింది. మిల్లరు చక్రం ఆమె తలకు జానెడు దూరంలో ఆగింది.

హేమ్లి ఎట్లా దిగిందో ఆమెకే తెలియదు. మోకాలు లేనట్టే దూకింది. పూలి కుడిచెయ్యి మోచేతి కింద వంకర తిరిగి ఉంది. తొడ పక్కన చర్మం లేచి ఎర్రగా కంకర అంటుకుంది. పిల్ల ఏడవడం లేదు, నోరు తెరిచి గాలి కోసం చూస్తోంది.

పూల్‌సింగు కూడా దిగి పరుగెత్తుకొచ్చాడు. పూలిని దాటుకుని పోయాడు. మిల్లరు దగ్గర వంగి, డ్రమ్మును చేత్తో తిప్పి చూశాడు. లిఫ్టు తీగ లాగి చూశాడు. "డ్రమ్ముకేం గాలె. బతికినం," అన్నాడు. అప్పుడు తిరిగి, "పిల్లకు బాగ తగిలిందా?" అని అడిగాడు.

హేమ్లి, నీ నోట్లో మన్నువడ అందామనుకుంది. పూలి తల ఒళ్లో ఉంది, అరిస్తే పిల్ల బెదురుతుందని పెదవి కొరుక్కుంది.

వచ్చే ఆటో ఆపి పూలిని భద్రాచలం దవాఖానాకు పంపారు. తోడుగా ఆమె ఆడబిడ్డ సంగీత పోయింది. మిగిలినవాళ్లు పోవద్దూ? వాళ్లూ పోతే స్లాబు ఎవరు పోస్తారు? అక్కడ సెంట్రింగు అయి, సలాక కట్టి, ఇంటివాళ్లు కొబ్బరికాయలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. జగదీష్ కొత్త సలాక ముక్క వంచాడు. "బ్రేకు కొట్టద్దని నాకెరుకే అన్నా. నువ్వు ఒర్రినవని కొట్టిన," అన్నాడు.

"అయిందేదో అయింది. ఎవరన్న ఒగలు ఎక్కుండ్రి నొగ మీదికి."

ఎవరూ కదల్లేదు. ఎండ అప్పటికే నెత్తికెక్కుతోంది. హేమ్లి కింద పడ్డ బొంత తీసి దులిపింది. దాని మీద నెత్తురు మరక ఉంది. ఆ పక్కను కిందికి తిప్పి చెక్క మీద వేసి, కవిత భుజం పట్టుకుని, పళ్లు బిగబట్టి ఎక్కి కూర్చుంది. ఇంకెవరు కూర్చుంటారు? ఇంకో పిల్లను కూర్చోబెట్టి తను వ్యానులోంచి చూడటం ఆమెవల్ల కాలేదు.

స్లాబు పోశారు. ఇంటాయన సంతోషపడి దావత్ ఇచ్చాడు. బగారన్నం, మేకకూర. స్లాబు రోజు పనివాళ్లకు కూర పెట్టకపోతే ఇంటికి మంచిది కాదంటారు. పూల్‌సింగు పూలి వంతు కూర ముందుగానే కవరులో కట్టించి పక్కన పెట్టాడు. "పూలికి ఇయ్యాలె, యాది మరువకుండ్రి," అని నలుగురికీ వినబడేట్టు అన్నాడు. ఆ కవరు చూస్తే హేమ్లికి ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కుని ఇసుక కుప్ప మీద కూర్చుంది.

మిల్లరును వ్యానుకు తగిలించాక పూల్‌సింగు పిలిచాడు. "వదినె, రా."

"రాను."

"ఏందీ?"

"నొగ మీద ఇగ ఎవ్వరూ కూసోరు. నేను గూసోను, ఇంకో పిల్లను గూసోనియ్య. ఇరుసు జరిపియ్యి, చైను ఏపియ్యి, సక్కని పిన్ను పెట్టియ్యి. గప్పటిదాక నేను పనికి రాను."

పూల్‌సింగు నవ్వబోయాడు. హేమ్లి నవ్వలేదు. ఏడాదిలో మొదటిసారి ఆమె నవ్వకపోవడం అందరూ చూశారు. కవిత వచ్చి హేమ్లి పక్కన ఇసుకలో చతికిలబడింది. "నేను గూడ రాను," అంది. ఆమె వెనక ఒకరొకరుగా అందరూ కూర్చున్నారు. కూర తిన్న చేతులు ఇంకా వాసన వస్తున్నాయి. ఇంటాయన గడపలో నిలబడి చూస్తున్నాడు.

"గవి జేపియ్యకుంటె నేను గూడ నడపనన్నా," అన్నాడు జగదీష్, మెల్లగా.

పూల్‌సింగు అందరినీ ఒకసారి చూశాడు. తిడతాడనుకున్నారు. తిట్టలేదు. "సరే వదినె. నీ మాట తీసేస్తనా? పెద్దదానివి. రేపే షుకూర్ కాడికి పోదం," అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని హేమ్లి అనుకోలేదు. చూశావా, వాడి మనసు చెడ్డది కాదని నేను చెప్పలేదూ అన్నట్టు కవిత వైపు చూసింది. నొగ ఖాళీగా, ఎద్దు నడకన ఇంటికొచ్చారు. వ్యానులో హేమ్లికి మధ్యలో చోటిచ్చారు. కవిత పాట ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు.

షుకూర్ వెల్డింగు షాపు మణుగూరు బస్టాండు అవతల. ఊరిబయటి షెడ్డు, ముందు పాత ఇనుము కుప్పలు. హేమ్లి కూడా వెళ్లింది. ఎవరూ రమ్మనలేదు. చేయించుకుంటున్నది తనే అయినప్పుడు కళ్లారా చూసుకోవద్దా?

షుకూర్ మిల్లరు చుట్టూ తిరిగి, నొగను ఒక చేత్తో పైకెత్తి చూశాడు. ఇట్టే లేచింది. "పూల్‌సింగ్ భాయ్, లిఫ్టు ఏసిననాడే చెప్పినా లేదా? ఎనక బరువున్న బండి గాడిద లెక్క, ఎప్పుడు తంతదో తెల్వదు. మనుషుల్ని బస్తలు జేస్తివి గదా."

"అయిందిలే భాయ్, జల్దీ జెయ్యి," అన్నాడు పూల్‌సింగు.

షుకూర్ పక్కనున్న పాతసామాన్ల కొట్టునుంచి తూకం కాంటా తెప్పించాడు. ముల్లు తిరిగే గుండ్రటి కాంటా. దాన్ని నొగ కొస కిందికి నెట్టి, కొసను దాని మీద ఆనించాడు. ముల్లు కొద్దిగా కదిలి ఆగిపోయింది.

"రోజు కూసునేది ఎవరు?"

"నేనే భాయ్," అంది హేమ్లి.

"ఒక్కపాలి కూసోవాలమ్మా. ఇదే ఆఖరు. నీ బరువెంతనో అంత బరువు మిల్లరే ఇచ్చేటట్టు జేస్త."

హేమ్లి బొంత వేసుకుని ఎక్కింది. మోకాలు కలుక్కుమంది. అయినా ఆఖరుసారి కదా అని నవ్వుకుంటూ ఎక్కింది. ముల్లు గిర్రున తిరిగి ఒకచోట నిలబడింది. షుకూర్ సుద్దముక్కతో కాంటా అద్దం మీద అక్కడ గీత గీశాడు.

"అయిపోయింది, దిగమ్మా."

ఇక పని మొదలైంది. మిల్లరు కింద దిమ్మెలు పెట్టి లేపారు. ఇరుసు పట్టీలు గ్యాసుతో కోశారు. ఇరుసును వెనక్కి జరపడం, దిమ్మెల మీదనుంచి దించడం, ముల్లు చూడటం, మళ్లీ లేపడం. నిప్పురవ్వలు ఎగురుతుంటే హేమ్లి కొంగు అడ్డం పెట్టుకుని మరీ చూసింది. జరిపినప్పుడల్లా ముల్లు సుద్దగీత వైపు కాస్త కాస్త పోతోంది. చివరికి సరిగ్గా గీత మీద నిలబడింది. నొగ మీద ఎవరూ లేరు.

"ఇగో అమ్మా," అన్నాడు షుకూర్, మొహానికి పట్టిన మసి తుడుచుకుంటూ. "నువ్వు దిగినా నీ బరువు గీడనే ఉంది. ఇగ నీకు ఛుట్టీ."

హేమ్లి ఆ ముల్లును చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పూల్‌సింగు ముల్లును చూశాడు. తర్వాత హేమ్లిని చూశాడు. మళ్లీ ముల్లును చూశాడు.

ఇరుసు గట్టిగా వెల్డింగు చేశాక కొత్త పిన్ను, అది జారకుండా క్లిప్పు వేశారు. కొక్కెం కింద రెండు గొలుసులు అడ్డంగా ఒకదాని మీదుగా ఇంకొకటి తగిలించారు. పిన్ను పోయినా నొగ నేల మీద పడకుండా ఆ గొలుసులు ఆపుతాయట. వెనక ఎర్రలైట్లు. జగదీష్ వ్యానెక్కి పెద్దరోడ్డు మీద ఒక చుట్టు కొట్టి వచ్చాడు. దిగీ దిగకముందే, "పెద్దమ్మా, ఎనక ఏం లేనట్టే వస్తుంది!" అని కేకేశాడు. హేమ్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నొగ మీది చెక్కను షుకూరే పీకి ఇనుము కుప్ప మీద పారేశాడు. బొంత మాత్రం వ్యానులో పడేసి ఉంచారు.

ఇంటికెళ్లి మొగుడు దేవ్లాకు అంతా చెప్పింది. ముల్లు ఎట్లా తిరిగిందో చెయ్యి ఊపి చూపించింది. దేవ్లా మంచంలో కూర్చుని చుట్ట కాలుస్తూ విన్నాడు. "మంచిగైంది," అన్నాడు.

మర్నాడు పొద్దున హేమ్లి అందరికంటే ముందు వచ్చింది. తలకు నూనె పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని, సద్దిగిన్నె చేత్తో పట్టుకుని. వ్యాను వచ్చింది. వెనక మిల్లరు, ఎర్రలైట్లు, గొలుసులు. ఆడవాళ్లు ఎక్కుతున్నారు. పూలికి బదులు ఇంకో పిల్ల వచ్చింది, గట్టి కాళ్ల పిల్ల. హేమ్లి వ్యాను తలుపు మీద చెయ్యి వేసింది.

"నువ్వెందుకొచ్చినవ్ వదినె?" అన్నాడు పూల్‌సింగు.

ఆమెకు అర్థం కాలేదు. "పనికి."

"పనికేంది? షుకూర్ జేసిండు గదా పని." పూల్‌సింగు గొంతులో కోపం లేదు. అదే చిక్కు. కోపం ఉంటే పోట్లాడొచ్చు. "లిఫ్టు వచ్చినప్పటిసంది తట్టలకు మనుషులే ఎక్కువైతున్రు. గప్పుడే నిన్ను గూడ అద్దనాలె. నొగ మీదికి బరువు గావాలెనని పెట్టుకున్న. తట్ట మోయవు, నిచ్చెన ఎక్కవు, నీకు మోకాలు నొప్పి. ఇంటికాడ పండుకో. నీ మంచికే జెప్తున్న."

హేమ్లి చెయ్యి తలుపు మీదే ఉంది. సొంత వదినెను కదా అని ఏడాదిగా లోపల దాచుకున్న మాట ఒకటి ఉంది. అది ఇక చెప్పి లాభం లేదు. కవిత వైపు చూసింది. మొన్న ఇసుకలో పక్కన చతికిలబడిన కవిత. కవిత తన కాలి మెట్టెను తిప్పుకుంటోంది. మిగతావాళ్లు మిల్లరు వైపు చూస్తున్నారు, అడవి వైపు చూస్తున్నారు. అందరి కాళ్లూ చాప మీద చాపి ఉన్నాయి. జరిగితే ఒక మనిషికి చోటు అవుతుంది. ఎవరూ జరగలేదు.

"కవితా," అంది హేమ్లి.

"మల్ల మాట్లాడుదం అక్కా," అంది కవిత, తల ఎత్తకుండానే. "ఇయ్యాల యాళయితుంది."

హేమ్లి చెయ్యి తీసేసింది.

"ఏరు దాటేదాక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న. అంతే గదరా పూల్‌సింగూ?"

పూల్‌సింగు కాళ్ల దగ్గర ఏదో వెతికి తీసి కిందికి విసిరాడు. అది ఆమె బొంత. అద్దాల అంచు, వెనకపక్క పూలి నెత్తురు మరక.

"నీది నువ్వు తీస్కో, మల్ల నా బొంత పోయిందంటవ్."

జగదీష్ అద్దంలో ఆమెను చూస్తూ కాసేపు గేరు వేయలేదు. పూల్‌సింగు రేకు మీద కొట్టాడు. "పోనీరా." జగదీష్‌కూ ఇల్లుంది, పెళ్లాం ఉంది. పోనిచ్చాడు.

హేమ్లి వంగి బొంత తీసుకుంది. మోకాలు పట్టేసి, లేవడానికి కాస్త టైము పట్టింది. లేచేసరికి బండి పెద్దరోడ్డెక్కింది. అదే సమయానికి మణుగూరు వైపునుంచి బొగ్గు టిప్పరొకటి హారను కొట్టుకుంటూ వచ్చింది. హేమ్లి వేళ్లు బొంతను గట్టిగా పట్టుకున్నాయి, చెక్కను పట్టుకున్నట్టే. వ్యానులో ఆడవాళ్లంతా ఒక్కసారి వెనక్కి తిరిగి మిల్లరును చూశారు. ఆమెను కాదు, మిల్లరును.

టిప్పరు గాలి కొట్టి పోయింది. దుమ్ము లేచింది. మిల్లరు ఇటు జరగలేదు, అటు జరగలేదు. వ్యాను వెనకే, గీత గీసినట్టు పోయింది. వ్యానులో ఎవరో చప్పట్లు కొట్టారు, అందరూ నవ్వారు. కవిత నవ్వు అన్నిటికంటే పైకి వినబడింది.

షుకూర్ పని అంటే పనే అనుకుంది హేమ్లి. బొంత చంకలో పెట్టుకుని, సద్దిగిన్నె పట్టుకుని తండా వైపు తిరిగింది.